పదకొండు రోజుల బుధవారం

లొవైనా పెటింగిల్ చాలా మంచి మనిషి అని మొదలుపెడితే అది అబద్ధమవుతుంది. ఆవిడ నోరు కత్తెర. బురద బూట్లతో ఎవరైనా శాసనసభ హాల్లోకి అడుగు పెడితే, ఆ వచ్చినవాడు సెనేటరైనా సరే, చీపురు అడ్డం పెట్టి "మీ ఇంట్లోనూ ఇలాగే తగలడతారా?" అని అడిగేది. ఆవిడంటే నాకు భయం. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. ఇప్పటికీ ఏ గుమ్మం ముందైనా బూట్లు రెండుసార్లు తుడుచుకునే లోపలికి వెళ్తాను.

నేను అదే సభలో గుమాస్తాని. సభ్యులు ఏం మాట్లాడారో, ఏం తీర్మానించారో మినిట్సు పుస్తకంలో రాయడం నా పని. నా పేరు ఎల్బ్రిడ్జ్. ఆ పేరు ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు, "అబ్బాయ్" అనే పిలిచేది. నాకు పెళ్లయి, నెత్తి మీద జుట్టు పోయాక కూడా అబ్బాయినే.

ఆ సభలో ఆవిడది తుడిచే పని. గడియారం పని మాత్రం మొదట ఆవిడ మొగుడు జోతమ్‌ది. స్పీకరు కుర్చీ వెనక గోడకు ఆరడుగుల గడియారం ఒకటి ఉండేది. దానికి వారానికోసారి కీ ఇచ్చి సరిగ్గా నడిపించడం జోతమ్ పని. అది మొండి గడియారం. ఎడమవైపు కింద మడతపెట్టిన కాగితం ఒకటి దూర్చి, పక్కన అరచేత్తో ఒక్కటి చరిస్తే తప్ప నడిచేది కాదు. కాగితం ఎన్ని మడతలుండాలి, చరుపు ఎంత గట్టిగా ఉండాలి అన్నది చలికాలానికి ఒక లెక్క, ఎండాకాలానికి ఇంకో లెక్క. పద్నాలుగేళ్లపాటు రాత్రి భోజనాల దగ్గర జోతమ్ పెళ్లానికి ఇదే వినిపించాడు. ఆవిడ వినకూడదనుకుంటూనే అంతా విన్నది.

ఆ గడియారానికి ఇంకో పని కూడా ఉంది. మా సభలో అది పెద్దమనుషులంతా ఎరిగిన మర్యాద. సమావేశాల చివరి రోజున గడువు ముంచుకొస్తుంది, పని మాత్రం తెమలదు. అప్పుడు స్పీకరు పైకప్పుకేసి చూసి ఒకసారి దగ్గుతాడు. గడియారం మనిషి నిచ్చెన వేసుకుని ఎక్కి, అద్దం తలుపు తెరిచి, లోలకాన్ని పట్టుకుని ఆపేస్తాడు. ఆ ఒక్క నిమిషం సభ్యులందరూ కిటికీల్లోంచి బయటికి చూస్తారు. గడియారం కదలలేదంటే రోజు గడవలేదన్నమాట. ఓ గంటో రెండు గంటలో అలా నడిపించి, పని ముగించుకుని, మళ్లీ లోలకాన్ని వదిలేవాళ్లు. మా తాతల నాటి నుంచీ ఇదే వరస. దీన్ని ఎవరూ తప్పు పట్టలేదు, నేను కూడా పట్టలేదు.

ఇక జోతమ్ జైలుకెందుకు వెళ్లాడంటే, ఒక ఆవు వల్ల. దారితప్పి తన దొడ్డిలోకొచ్చిన ఆవు నుదుటి మీద తెల్ల మచ్చను బూటు పాలిషుతో నల్లగా చేసి, దాన్ని దాని యజమానికే అమ్మాడు. కొన్నవాడు చర్చి పెద్ద. పోయిన నా ఆవు కంటే ఇదే మేలు, పాలు కూడా చిక్కగా ఇస్తోంది అని వారం రోజులు ఊరంతా చెప్పుకున్నాడు. ఎనిమిదో రోజున వాన కురిసింది. ఆవు పోయినందుకు వేసే శిక్ష ఆరు నెలలేనని మా ఊళ్లో అందరూ అంటారు. ఊరందరి ముందూ చర్చి పెద్ద పరువు పోయినందుకు జడ్జి రెండేళ్లు వేశాడు. కోర్టులో జోతమ్ కూడా ఊరుకోలేదు. "అయ్యా, ఆవు ఆయనకే చేరిందిగా, ఇంక ఫిర్యాదేమిటి?" అని అడిగాడు. ఆ రెండేళ్లలో ఓ ఏడాది ఆ మాటకే పడి ఉంటుందని నా అనుమానం.

అతను వెళ్లిన వారానికే గడియారం ఆగిపోయింది. ముగ్గురు గడియారాలవాళ్లొచ్చి చేతులెత్తేశారు. లొవైనా చీపురు పక్కన పెట్టి, కాగితం నాలుగు మడతలు పెట్టి, ఒక్కటి చరిచింది. ఆ రోజు నుంచి తుడవడమూ ఆవిడే, గడియారమూ ఆవిడే.

జోతమ్ బయటికి రావలసిన రోజు పద్దెనిమిది వందల ఎనభై రెండు, జనవరి పన్నెండు, గురువారం. ఆవిడ వంటింటి గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకుంది. జైలు మా ఊళ్లోనే, నదికి అవతలి గట్టున. ప్రతి ఆదివారం వంతెన దాటి వెళ్లి, ఊచల్లోంచి మొగుణ్ణి ఓ గంటసేపు తిట్టి వచ్చేది. జైలు గోడల్లో చెమ్మ, మంచు. రెండో చలికాలానికి అతనికి దగ్గు పట్టుకుంది. "పన్నెండో తేదీకి ఇంటికొస్తాడు, పొయ్యి పక్కన కూర్చోబెడతాను, తగ్గిపోతుంది" అని నాతో రోజూ అనేది. నన్ను అడిగినట్టుగా అనేది. తగ్గిపోతుందని నేను కూడా అనేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే గవర్నరు ఎన్నిక కొంప ముంచింది.

పోటీ చేసింది ఇద్దరు. కలప వ్యాపారి స్టిక్నీ, ఐసు వ్యాపారి హాస్కెల్. రాష్ట్రమంతా లెక్కపెట్టాక మిగిలిన పేచీ ఒక్క క్విన్ దీవి. ముప్ఫై ఒక్క మంది ఓటర్లున్న చేపల దీవి అది. వాళ్ల ఓట్లు కలిపితే స్టిక్నీ నాలుగు ఓట్లతో గెలుస్తాడు, తీసేస్తే హాస్కెల్ మూడు ఓట్లతో గెలుస్తాడు. మళ్లీ లెక్కపెడితే సరిపోయేది. కానీ ఆ దీవిలో కాగితాల మీద ఓటు వేసే అలవాటు లేదు. చర్చి కుండలో గింజ వేయడం వాళ్ల పద్ధతి. స్టిక్నీకి తెల్ల చిక్కుడు గింజ, హాస్కెల్‌కు ఎర్ర గింజ. లెక్కపెట్టారు, కాగితం మీద రాశారు, కుండ తీసుకెళ్లి చర్చి వంటగదిలో పెట్టారు. ఆ వచ్చే శనివారం చర్చిలో భోజనాలు. శనివారమంటే మా వైపు చిక్కుడు గింజలే. వంట చేసే ఆవిడ కుండలో ఉన్నవాటిలోనే బెల్లప్పాకం పోసి, ఉప్పు పంది మాంసం ముక్క ఒకటి వేసి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పొయ్యిలో మగ్గబెట్టింది. అలా క్విన్ దీవి ఓట్లు ఉడికిపోయాయి. తెల్లవీ ఎర్రవీ కలిసి ఒకే గోధుమ రంగులోకి తిరిగిపోయాయి.

కొన్ని తినేశారు కూడా. మిగిలిన కుండను సాక్ష్యంగా సభకు పంపారు. స్పీకరు బల్ల మీద పెట్టి, రెండు పక్షాల సమ్మతి లేకుండా దీని మీద ఎవరూ చెయ్యి వేయరాదని తీర్మానం చేశారు. ఆ తీర్మానం రాసింది నేనే.

మా రాజ్యాంగం ప్రకారం జనవరి రెండో బుధవారం మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోగా గవర్నరెవరో సభ తేల్చి చెప్పాలి. చెప్పకపోతే ఎన్నిక చెల్లదు, మళ్లీ జరగాలి. మళ్లీ ఎన్నికంటే రెండు పక్షాలకూ గుండెల్లో రాయి. సభలో ఇటు డెబ్బై ఐదుగురు, అటు డెబ్బై ఐదుగురు. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టి, ఉడికిన గింజను గింజ అనవచ్చా, కూర అనాలా అన్న దగ్గరే ఆగిపోయారు. పన్నెండుకి ఐదు నిమిషాలుందనగా స్పీకరు థర్లో గారు పైకప్పుకేసి చూసి దగ్గారు.

లొవైనా నిచ్చెన వేసుకుని ఎక్కి లోలకాన్ని పట్టుకుంది. అందరం కిటికీల్లోంచి చూశాం. ఆ రోజు ఇరుపక్షాలూ కలిసి చేసిన పని అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మంచి గౌను వేసుకుని, జోతమ్ కోటు చేతిమీద వేసుకుని వంతెన దాటి వెళ్లింది. తొమ్మిదిన్నరకు ఒక్కతే తిరిగొచ్చింది. కోటు అలాగే చేతి మీద ఉంది. జైలరు ప్లమర్‌తో జరిగిన మాటలు ఆవిడ నాకు ఎన్నిసార్లు చెప్పిందో, నేనే అక్కడున్నట్టు నాకు కంఠతా వచ్చేశాయి.

"గురువారం వదిలేస్తామన్నారుగా?"

"అన్నామమ్మా. కాదనలేదు."

"మరి తలుపు తియ్యి."

"మీరు పనిచేసే చోట ఇప్పుడెంతైంది?"

"పన్నెండుకి ఐదు నిమిషాలు తక్కువ," అంది.

"ఏ వారం?"

ఆవిడ నోరు విప్పలేదు. నాకు తెలిసి ఆవిడ జీవితంలో నోరు విప్పని సందర్భం అదొక్కటే.

"ఇది రాష్ట్ర జైలమ్మా. రాష్ట్రం గడియారం ప్రకారమే నడవాలి. అయినా దాన్ని ఆపింది మీరు. ఊరంతా తెలుసు. మీరు ఆపిన బుధవారాన్ని నన్ను దాటెయ్యమంటే ఎలా? రేపు కొత్త గవర్నరొచ్చి ఒక రోజు ముందే ఎందుకు వదిలావురా అంటే నా ఉద్యోగం గతేమిటి?"

ప్లమర్ దుర్మార్గుడేమీ కాదు, పిరికివాడు. దుర్మార్గుణ్ణయితే లొవైనా ఓ చూపు చూసేది. పిరికివాణ్ణి ఏం చేస్తుంది?

ఆవిడ నేరుగా గవర్నరు దగ్గరికే వెళ్లింది. అప్పటికి మాకు గవర్నర్లు ఇద్దరు. స్టిక్నీ లైబ్రరీని తన ఆఫీసని ప్రకటించుకుని అక్కడ కూర్చున్నాడు. హాస్కెల్ కోట్లు తగిలించే గదిని ఆక్రమించి, తడి కోట్ల మధ్యనే ప్రమాణ స్వీకారం కూడా చేసేశాడు. స్టిక్నీ ఆవిడ గోడు విని అయ్యో అని వెంటనే విడుదల ఉత్తర్వు రాసిచ్చాడు. అది తెలిసి హాస్కెల్, గవర్నరు కానివాడి ఉత్తర్వు చెల్లదని రద్దు చేసి, తన దయాదాక్షిణ్యాలు చూపించుకోవడానికి తానూ ఒకటి రాసిచ్చాడు. దాన్ని స్టిక్నీ రద్దు చేశాడు. ఆవిడ నాలుగు కాగితాలూ పట్టుకుని మళ్లీ వంతెన దాటింది. ప్లమర్ అన్నీ చదివి, వరసగా బల్ల మీద పేర్చి, "రెండు అవునులు, రెండు కాదులు. మొత్తానికి మొదటికే వచ్చామమ్మా," అన్నాడట.

ఇక సభ సంగతి. రెండో రోజు, మూడో రోజు, నాలుగో రోజు కూడా బుధవారమే. పాదిరీ గారు సభలో రోజుకొక్కసారే ప్రార్థన చెయ్యాలి కనక, బుధవారం ప్రార్థన అయిపోయింది కనక, ఆయన రోజూ వచ్చి ఊరికే కూర్చుని వెళ్లేవాడు. సభ్యులు బసచేసిన పూటకూళ్లింట్లో బుధవారమంటే చేపల పులుసు. ఆ ఇల్లు నడిపే ఆవిడ చట్టానికి కట్టుబడిన మనిషి. ఐదో రోజుకి చేప వాసన సభ దాకా వచ్చింది. గురువారం నుంచి చుట్ట మానేస్తానని పెళ్లానికి మాటిచ్చిన సభ్యుడొకడు హాయిగా కాల్చుకుంటూ, ఈ రాష్ట్రంలో ఇంత మంచి బుధవారం నేనెన్నడూ చూడలేదన్నాడు. ఇంకొకాయనకు శనివారం నాడు కొడుకు పుట్టాడు. బుధవారం పుట్టాడని అభినందిస్తూ తీర్మానం చేశాం.

ఆదివారం వచ్చింది. చర్చి పెద్దలైన సభ్యులు ఆదివారం సభ కూడదని లేచారు. స్పీకరు థర్లో, "మీరంటున్న ఆదివారం ఏది? సభ దృష్టికి రాలేదే," అన్నారు. పొద్దున అందరూ చర్చికి వెళ్లారు. మధ్యాహ్నం అందరూ వచ్చి బుధవారంలో కూర్చున్నారు.

రోజూ సాయంత్రం లొవైనా నా బల్ల తుడుస్తూ అడిగేది.

"ఇవాళ ఏం వారమని రాశావు అబ్బాయ్?"

"బుధవారమనే, లొవైనమ్మా."

"సిగ్గు లేదూ?"

"ఉంది. పెళ్లాం, ఇద్దరు పిల్లలు కూడా ఉన్నారు."

"నాకూ ఒక మొగుడున్నాడు," అనేసి వెళ్లిపోయేది. నేను చెడ్డవాణ్ణి కానని అప్పట్లో గట్టిగా అనుకునేవాణ్ణి. ప్లమర్ కూడా అలాగే అనుకుని ఉంటాడు.

ఆ మొదటి ఆదివారం ఆవిడ మామూలుగానే మొగుణ్ణి చూడటానికి వెళ్లింది. ప్లమర్ నీళ్లు నమిలాడు. ఖైదీలను చూసే రోజు ఆదివారం, ఇవాళ బుధవారం కదా అన్నాడు. ఆవిడ తెచ్చిన రొట్టె మాత్రం లోపలికి పంపించాడు. రొట్టెకు వారంతో పని లేదని ఎవరో చెప్పారట.

రెండో ఆదివారమూ అదే జరిగింది. ఈసారి తలుపు దగ్గరి కాపలావాడు ఆవిణ్ణి పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు: "అమ్మా, మీ ఆయన మూడు రోజుల్నుంచి లేవట్లేదు. దగ్గు గుండెల్లోకి దిగింది. నిన్న రొట్టె కూడా నాకే ఇచ్చేశాడు."

ఆ మధ్యాహ్నం మూడు దాటాక సభ మంచి ఊపు మీదుంది. ఉడికిన గింజ మొలకెత్తదు కాబట్టి అది చచ్చిన ఓటేనని హాస్కెల్ పక్షంవాడొకడు గంట నుంచి వాదిస్తున్నాడు. లొవైనా నిచ్చెన ఈడ్చుకుంటూ వచ్చింది. దుమ్ము దులపడానికనుకుని ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా తలెత్తలేదు. ఎక్కింది. అద్దం తలుపు తాళం తీసింది. లోలకాన్ని ఒక్క తోపు తోసింది. పక్కన అరచేత్తో ఒక్కటి చరిచింది.

టిక్కుమంది. ఆ చప్పుడు విని పదకొండు రోజులైంది.

"మిసెస్ పెటింగిల్!" అన్నారు స్పీకరు. "ఎవరు తిప్పమన్నారు?"

"ఎవరూ అన్లేదు."

"ఆపండి వెంటనే!"

"ఆపను. మా ఆయన అక్కడ దగ్గి దగ్గి చస్తున్నాడు. ఆయనకి గురువారం కావాలి. మీకు అక్కర్లేదు, మీకు చేపల పులుసుంది."

తలుపు మూసి తాళం వేసి, కిందకి దిగి, తాళంచెవిని స్పీకరు బల్ల మీదున్న క్విన్ దీవి కుండలో పడేసింది. బుడుంగున మునిగింది.

ఒకడు కుండకేసి పరిగెత్తాడు. రెండోవాడు వాడి చెయ్యి పట్టుకుని, రెండు పక్షాల సమ్మతి ఏదీ అన్నాడు. అద్దం పగలగొట్టమని స్పీకరు సభా భటుణ్ణి కేకేశారు. ఇద్దరు భటులు లేచారు. అప్పటికి గవర్నరుకొకడు చొప్పున ఇద్దరున్నారు. అద్దం పగలగొట్టే హక్కు నాదంటే నాదని ఒకరి కాలరు ఒకరు పట్టుకున్నారు. అందులో రెండు నిమిషాలు పోయాయి. ఇంక మూడే నిమిషాలు. పన్నెండు కొట్టిందంటే ఎన్నికే లేదు.

పదకొండు రోజులు నలిగిన సంగతి తేలడానికి ఆ మూడు నిమిషాలూ చాలాయి. స్టిక్నీ పక్షం నుంచి ఎవరో ఓటింగు అన్నారు. నేను పేర్లు పిలిచాను. అంత వేగంగా నా జన్మలో పిలవలేదు. స్టిక్నీకి డెబ్బై ఐదు. హాస్కెల్‌కు డెబ్బై నాలుగు. చుట్ట మానేస్తానని పెళ్లానికి మాటిచ్చిన హాస్కెల్ పక్షం పెద్దమనిషి, బుధవారానికి తొందరేముందని, సభ వెనక పెరట్లో నిలబడి కాల్చుకుంటున్నాడు. స్పీకరు సుత్తి కొట్టడం, గడియారం పన్నెండు కొట్టడం ఒకదాని మీదొకటి వినిపించాయి. ఆదివారం మధ్యాహ్నం మూడుంబావుకి మా రాష్ట్రంలో బుధవారం మధ్యాహ్నమైంది.

లొవైనా ఆ సంబరాల మధ్యలోంచి వంతెన మీదికి పరిగెత్తింది. ప్లమర్ తొంగి చూసి, "సంతోషమమ్మా, బుధవారం మధ్యాహ్నం దాటింది. రేపు గురువారం. పొద్దున్నే రండి," అన్నాడు.

అలా సోమవారం నాడు వచ్చిన గురువారం పొద్దున జోతమ్ బయటికొచ్చాడు. బండి మీద పడుకోబెట్టి తీసుకెళ్లాం. నేనూ ఒక చెయ్యి వేశాను. అతను కళ్లు తెరిచి నన్ను చూసి, "ఇంతకీ గవర్నరెవరు?" అన్నాడు. స్టిక్నీ అన్నాను. "వాడికి ఆవేమైనా కావాలేమో కనుక్కో," అన్నాడు. లొవైనా తిట్లు మొదలుపెట్టింది. పదకొండు రోజుల తిట్లు పేరుకుపోయి ఉన్నాయి పాపం.

బండి కదలకముందు ఆవిడ ప్లమర్ పుస్తకం చూపించమంది. జోతమ్ పెటింగిల్, విడుదల, జనవరి పన్నెండు, గురువారం, శిక్ష సక్రమంగా పూర్తి అని ఉంది.

"మరి ఈ పదకొండు రోజులు?" అంది.

"ఏ పదకొండు రోజులమ్మా?" అన్నాడు ప్లమర్. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసేశారు. ఐదు వారాలకు గడియారం మళ్లీ మొండికేసింది, ఇంటికి కబురు పంపించారు. ఆవిడ వచ్చి కాగితం మడిచి, ఒక చరుపు చరిచి, ఆ తర్వాత ఎప్పుడు సమావేశాలు జరిగినా మొదటి రోజున సభకు ఒక అర్జీ పెట్టడం మొదలుపెట్టింది. నా పదకొండు రోజులు నాకివ్వండి, అంతే. మొదటిసారి నవ్వారు. రెండోసారి విచారణ సంఘం వేశారు. సంఘం మినిట్సు పుస్తకం తెప్పించి చూసి, అటువంటి రోజులు జరిగినట్టు దాఖలా లేదు కనక తిరిగి ఇవ్వడం కుదరదని తేల్చింది. పుస్తకం నా చేతిరాత. ఆ జవాబు ఆవిడకు చదివి వినిపించింది కూడా నేనే. ఆవిడ విని, "బూట్లు తుడుచుకున్నావా?" అని మాత్రం అంది.

జోతమ్ పొయ్యి పక్కన కూర్చున్నాడు కానీ దగ్గు పూర్తిగా తగ్గలేదు. పదహారేళ్లు దగ్గుతూ, జోకులేస్తూ బతికాడు. ఎండాకాలం తెరిపి, చలికాలం గండం.

తొంభై ఎనిమిది జనవరిలో ఒక శనివారం పొద్దున డాక్టరు చూసి, రేపటి ఆదివారం దాటడు అని చెప్పి వెళ్లాడు. లొవైనా తలుపు మూసి, వంటింట్లో గోడ గడియారం దగ్గరికెళ్లి, లోలకాన్ని పట్టుకుని ఆపేసింది. తొమ్మిదీ పది. ఆ పూట శనివారం కనక చిక్కుడు గింజలు మగ్గబెట్టింది.

మర్నాడు కూడా మగ్గబెట్టింది. చర్చికి వెళ్లలేదు. ఎందుకు రాలేదని అడిగినవాళ్లతో ఇవాళ శనివారం కదా అంది. జోతమ్ ఆ ఆదివారం దాటాడు. సోమవారం దాటాడు. మధ్యలో ఒకసారి నేను చూడటానికి వెళ్తే దిండుకానుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏమేవ్, ఈ శనివారం ఇంకా ఎన్నాళ్లే?" అన్నాడు పెళ్లాంతో. "ఈ గింజలు తినలేక చచ్చేలా ఉన్నాను."

"పదకొండు రోజులు. మనకు రావలసినవి. నోరు మూసుకుని తిను."

"జైలు రోజులు తిరిగొస్తాయని ముందే చెప్పుంటే రెండావులకు రంగేసేవాణ్ణి కదే," అన్నాడు. నవ్వబోతే దగ్గొచ్చింది. ఆవిడ వీపు నిమిరింది. ఆవిడ చెయ్యి అంత మెత్తగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు.

తొమ్మిదో రోజున జోతమ్ పోయాడు.

అప్పటికి నేను సభ ఉద్యోగం మాని మా ఊరి చావుపుట్టుకల రిజిస్టరు చూస్తున్నాను. పాదిరీ గారు మా ఇంటికొచ్చారు. కొత్తగా వచ్చిన కుర్ర పాదిరీ, పాపం ముఖం పాలిపోయింది. "ఆవిడ శవపెట్టె తేనివ్వట్లేదు. పాటలు పాడనివ్వట్లేదు. ఇంకా శనివారమే, నా మొగుడికింకా రెండు రోజులున్నాయి అంటోంది. మీకు పాత పరిచయం కదా, కాస్త చెప్పండి," అన్నారు.

వెళ్లాను. గుమ్మం దగ్గర బూట్లు రెండుసార్లు తుడుచుకున్నాను. ఆ గదిలో నిప్పు వెయ్యలేదు, కిటికీ తెరిచి ఉంది, లోపల మంచు చలి. జోతమ్‌ని శుభ్రంగా తల దువ్వి పడుకోబెట్టింది. ఆ రోజు జైలు గుమ్మం దాకా మోసుకెళ్లి తిరిగి మోసుకొచ్చిన కోటే తొడిగింది. తాను పక్కన కుర్చీలో కూర్చుంది. ఏడుస్తున్నట్టు లేదు. కాపలా కాస్తున్నట్టుంది. పాదిరీ గారు నావైపు ఆశగా చూశారు. నేను నోరు తెరవబోయాను.

"ఇవాళ ఏం వారం అబ్బాయ్?" అంది ఆవిడ, నావైపు తిరగకుండానే.

ఆ గొంతు వినగానే నా బల్లా, నా పుస్తకం, ఒకదాని కింద ఒకటిగా నేను రాసిన బుధవారాలూ అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. నాకు సిగ్గేసింది. పదహారేళ్లు ఆలస్యంగా వేసింది.

"శనివారం, లొవైనమ్మా," అన్నాను.

పాదిరీ గారు ఏదో అనబోయారు. "మీకు తెలీదు, మీరు ఊరుకోండి," అన్నాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లి నాకొక పళ్లెంలో చిక్కుడు గింజలు పెట్టి తెచ్చింది. కోటు విప్పకుండా ఆ చలిలోనే కూర్చుని అన్నీ తిన్నాను.

మర్నాడూ వెళ్లాను. ఆ మర్నాడూ వెళ్లాను. అది పదకొండో రోజు. తొమ్మిదీ పదికి ఆవిడ లేచి, నా చెయ్యి ఊతంగా పట్టుకుని వంటింట్లోకి వచ్చి, లోలకాన్ని వేలితో మెల్లగా తోసింది. గడియారం నడిచింది. కాసేపు దానికేసి చూసి, అప్పుడు ఏడ్చింది. "చాలు, ఇంక తీసుకెళ్లనీ. ఎక్కువ నాకొద్దు," అంది.

ఆ సాయంత్రం రిజిస్టరు తీసి, జోతమ్ పెటింగిల్ పేరుకెదురుగా శనివారమని రాశాను. కింద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు.